ఉప్పు కోసం నది దాటిన ఉగోయే

కూరకి చేదాకు తెచ్చి, చేదు పోయేలా నలిపి నలిపి కడుగుతున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆయన, "ఫోన్లో ముసలాళ్ళతో యుద్ధం కబుర్లయిపోతే నాకో ముద్ద పడేస్తావా తల్లీ?" అన్నాడు.

అవి కబుర్లు కావు. మావాళ్ళు వేరే దేశం కావాలని చేసిన బియాఫ్రా యుద్ధంలో పోయిన మా పెదనాన్న ఒక్వుదిలికి ఇన్నేళ్ళకి మా పుట్టింట్లో కర్మ చేస్తున్నారు. శవం దొరకలేదు కనక పెట్టెలో ఫోటో పెట్టి పూడుస్తారు. "నువ్వు టీచరువి కదా, అన్నయ్య ఎక్కడ, ఎలా పోయాడో కనుక్కో" అని నాన్న పురమాయించాడు. బడి, పిల్లలు, అత్తగారి మందులు, వంట, వీటన్నిటి సందుల్లో నేను యుద్ధాన్ని వెతకాలి.

పెదనాన్నతో కలిసి పోరాడినవాళ్ళెవరూ మిగల్లేదు. చివరికి పక్క ఊళ్ళో ఒయిరిదియా అనే ముసలావిడ దొరికితే వెళ్ళి కలిశాను.

"మీ పెదనాన్న సంగతి నాకేం తెలుసే పిల్లా! మీ మేనత్త ఉగోయే సంగతి అడుగు" అంది.

ఉగోయే అత్త యుద్ధంలో ఎటో పోయిందని మాత్రమే మా ఇంట్లో అనేవారు. అనేటప్పుడు మగవాళ్ళు మూతి తిప్పేవారు.

"మనవైపు ఉప్పుగల్లు దొరికేది కాదు. చీకట్లో నది దాటి అవతలి సైన్యం ఉన్న ఊళ్ళ సంతలకెళ్ళి నెత్తిన మూటలు మోసుకొచ్చేవాళ్ళం. అందరం ఆడవాళ్ళమే. మగాడు కంటబడితే మనవాళ్ళే సైన్యంలోకి ఈడ్చుకుపోరూ? ఆ రోజు మీ అత్త ఉప్పుతోపాటు ఎండుచేప కూడా కొంది. 'చిన్నతమ్ముడికి తిండిలేక కాళ్ళు ఉబ్బాయి, ఇది తింటే బతుకుతాడు' అంది. తిరిగొస్తుంటే అవతలి సైనికులు నా కళ్ళముందే దాన్ని కాల్చారు. ఆ మూట నేనే తెచ్చి మీ నాయనమ్మ చేతిలో పెట్టాను."

ఆ చిన్నతమ్ముడు మా నాన్న.

"రెండు పెట్టెలు చేయిద్దాం నాన్నా" అన్నాను, పుట్టింటికి వెళ్ళగానే.

"సంతకెళ్ళి చచ్చినదానికి వీరుడి పక్కన చోటా? శత్రువుల మధ్య తిరిగిన ఆడదాన్ని ఊరు ఏమంటుందో తెలుసా? పెళ్ళై పోయినదానివి, నీకెందుకే ఇవన్నీ?"

"ఆ చేప తిన్నది నువ్వే."

"తెలుసు. నోర్ముయ్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలియక మూతి తిప్పాడనుకుంటే క్షమించేదాన్ని. తెలిసే తిప్పాడు, ఇన్నేళ్ళూ.

అత్తింట్లో నేను కోడల్ని. చావైనా పెళ్ళైనా అందరికీ వండి వార్చి, చివర్న అడుగూ బొడుగూ తినేదాన్ని. పుట్టింట్లో మాత్రం ఆడపడుచుని. ఇంటి ఆడపడుచులందరూ కలిసి అడ్డం కూర్చుంటే మాలో ఏ పెట్టె గోతిలోకి దిగదు. ఎందరికో ఫోన్లు చేశాను. మా ఆయన విసుక్కుంటూనే ఉన్నాడు.

కర్మరోజు గోతి చుట్టూ కూర్చున్నాం. అక్కలు, చెల్లెళ్ళు, నడుము వంగిన మేనత్తలు. నాన్న మమ్మల్ని లేపడానికి రివాజు ప్రకారం వచ్చి, "ఏం కావాలి మీకు? మేకా? సారాయా?" అన్నాడు.

"ఉగోయే అత్తకి పెట్టె. అది వచ్చాక ఇద్దర్నీ పక్కపక్కన దింపండి."

"ఎవరు చూశారే ఆవిడ చావు?"

"ఒయిరిదియా చూసింది. పెదనాన్న చావు నువ్వు చూశావా?"

ఊరంతా చూస్తోంది. నాన్న చెప్పులు విడిచి, మా పక్కనే మట్టిలో చతికిలబడి, మొహం చేతుల్లో దాచుకుని, "అక్కా" అన్నాడు.

నాకూ ఏడుపొచ్చింది. అయినా లేవలేదు. పెట్టె ఇంకా రాలేదు.