జున్ను గిన్నెలు

మా ఆవు ఈనిన రోజే మా లైనులోని పదహారు క్వార్టర్లకూ జున్ను పాలు పంచాను. ప్రేమతో అనుకోకండి, గొప్పకు. ఎదురింటి చంద్రమతి గారు వాళ్ల ఊరి నుంచి పూతరేకులు తెచ్చి పంచితే లైనంతా నెల్లాళ్లు చెప్పుకుంది. ఆ కుళ్లు నా కడుపులో ఉంది.

"పొదుగు మొత్తం పిండకు బిడ్డా. దూడ తాగే మందం తీసి ఆపు" అంది మా అత్తమ్మ కనకవ్వ. ముసలామెకు ఏం తెలుసులే అనుకుని రెండు పూటలూ చుక్క మిగల్చకుండా పిండాను.

తెల్లారి ఆవు లేవలేదు. మా ఆయన అప్పటికే మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. పశువుల డాక్టరు కృష్ణప్రియకు ఫోన్ చేస్తే, బసంత్‌నగర్‌లో వేరే ఆవును చూస్తున్నానంది.

"నిన్న ఎన్ని లీటర్లు పిండారు?"

"రెండే మేడం. దూడ మందమే."

అత్తమ్మ నా వైపు చూసింది.

"అంతేనా? అయితే ఇక్కడి పని ముగించుకుని మధ్యాహ్నానికి వస్తాను."

గంట గడిచింది. ఆవు మెడను డొక్క మీదికి తిప్పుకుని అలాగే ఉండిపోయింది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. అంతలో చంద్రమతి గారు మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది, ఖాళీగా ఇవ్వకూడదని అందులో కాస్త చక్కెర పోసుకుని. "ఇంటింటికీ గిన్నె నిండా పంపావంట కదమ్మా సంధ్యారాణీ, ఎంత పాడి" అని మెచ్చుకుంది. నిన్నంతా ఆ మాట కోసమే ఎదురు చూశాను. ఇప్పుడు వింటే సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆమె ఎదుటే మళ్లీ ఫోన్ చేశాను. "మేడం, అబద్ధం చెప్పిన. పద్నాలుగు లీటర్లు పిండిన. ఆవు చెవులు సల్లబడ్డయి. జల్ది రాండ్రి."

డాక్టరు తిట్టలేదు. అరగంటలో వచ్చి మెడ నరానికి కాల్షియం సీసా మెల్లగా ఎక్కించింది. "ఒంట్లో కాల్షియమంతా పాలతో లాగేశారు. మధ్యాహ్నం దాకా ఆగితే ఇది దక్కేది కాదు" అంది. కాసేపటికి ఆవు వణికింది, చెవులు ఆడించింది, వెనక కాళ్లు ఎత్తి తూలుతూ లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది.

"మరి దూడ ఎన్ని పాలు తాగింది?" అని అడిగింది డాక్టరు.

పద్నాలుగు లీటర్లలో దానికి దక్కింది గిన్నెల్లో పట్టక మిగిలిన గ్లాసెడు.

"కడుపు నిండ తాగింది బిడ్డా" అంది అత్తమ్మ, నాకంటే ముందే.

దూడ ఆమె వెనకే నిలబడి చీర కొంగు చప్పరిస్తోంది. డాక్టరు చూసింది, చంద్రమతి గారూ చూసింది. ఎవరైనా నన్నొక మాట అంటే బాగుండుననిపించింది.