జోషితకు రాని సున్నా

నేను ఒక అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను. స్కానింగ్ మిషనుకు వైరుతో వేలాడుతూ, డాక్టరు చేతిలో ఇమిడే భాగాన్ని. కడుపులో బిడ్డను చూపించే పెద్ద ప్రోబ్ మా అక్క. పేరంతా ఆమెదే. నేను బొటనవేలంత ఉంటాను. చర్మం కింద అంగుళం లోతు వరకే నా రాజ్యం.

నా మూతిలో స్ఫటికాల వరస ఉంది. మనిషి చెవికి అందని శబ్దాన్ని అవి లోపలికి పంపి, ప్రతిధ్వనిని వింటాయి. దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టి హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి చేరాను. అక్కడ నన్ను వచ్చిన అతిథులందరికీ చూపించారు, రోగులకు తప్ప. కొత్త మోడల్ రాగానే అమ్మేశారు. అలా కాకినాడలో ఒక పిల్లల ఆసుపత్రికి వచ్చి, స్కానింగులు చేసే డాక్టర్ షాహిదా చేతిలో పడ్డాను. నా అసలు జీవితం అక్కడే మొదలైంది.

ఒక మధ్యాహ్నం ఏడేళ్ల జోషితను తీసుకొచ్చారు. స్కూలు గేటెక్కి ఊగుతూ పడింది. మోచేతి పైన ఎముక విరిగింది. వెంట నాయనమ్మ నూకరత్నం. ఎముకను లాగి సరిచేసి పిన్నులు వెయ్యడానికి ఎముకల డాక్టర్ పట్టాభి థియేటర్ సిద్ధం చేయించాడు. ముందుగా పిల్ల వేళ్లు చూశాడు.

"బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టు తల్లీ."

జోషిత మొహం తిప్పుకుంది.

"మా పిల్లకి సున్నాలు రావండీ," అంది నూకరత్నం గర్వంగా. "అన్నీ నూటికి నూరే!"

పట్టాభి నవ్వాడు. పక్కనే ఉన్న షాహిదా నవ్వలేదు.

"నొప్పికి చుట్టట్లేదో, నిజంగానే రావట్లేదో తెలియాలి సార్. ఒక్కసారి స్కాన్ చేస్తాను. నరం ఎముకల మధ్య ఇరుక్కుని ఉంటే, మీరు లాగినప్పుడు నలిగిపోతుంది. ఆ వేళ్లిక..." పిల్లను చూసి ఆగిపోయింది.

"చెయ్యి విరిగితే కడుపు స్కానింగేంటమ్మా!" నూకరత్నం అడ్డంగా నిలబడింది.

"కడుపుకి కాదు మామ్మగారూ, నరానికి."

వాచిన చేతిమీద చల్లటి జెల్ పూసి, షాహిదా నన్ను ఆనీ ఆనకుండా ఆనించింది. నన్ను అదిమిపట్టిన చేతులు చాలానే చూశాను. ఇంత తేలిక చెయ్యి చూడలేదు. పిల్ల ఏడవలేదు.

నరం దొరికింది. అడ్డంగా చూస్తే చిన్న తేనెపట్టులా ఉంటుంది. దాని వెంటే కిందికి జారాను. విరిగిన చోటు రాగానే అది చటుక్కున వంగి, రెండు ఎముక ముక్కల సందులో మాయమైంది.

పట్టాభి తెరవైపు వంగి చూశాడు. చేతికి తొడుక్కున్న గ్లౌజులు విప్పేశాడు.

"లాగను. కోసి, ముందు నరాన్ని బయటికి తీస్తాను."

తన మాటను తానే అంత తొందరగా వెనక్కి తీసుకున్న పెద్ద డాక్టరును నేను మొదటిసారి చూశాను.

కోసి చూస్తే నరం తెగలేదు, పడ్డప్పుడే కొంత నలిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూపించమన్నా జోషిత వేళ్లు బల్లపరుపుగా కలిసేవే కానీ గుండ్రం తిరిగేవి కావు. నూకరత్నం మాత్రం ఇంట్లో రోజూ మనవరాలి చేత బియ్యంలో రాళ్లు ఏరించేది. రాళ్లు లేకపోతే తనే కలిపేది.

ఇప్పుడు నా స్ఫటికాలు అరిగిపోయాయి. బొమ్మలో నల్లచారలు వస్తున్నాయని నన్ను సొరుగులో పెట్టారు. ఆ చీకట్లో నేను మళ్లీ మళ్లీ వినే ప్రతిధ్వని ఒకటుంది. వానాకాలంలో ఒక ఉదయం, మళ్లీ చూపించుకోవడానికి ఆసుపత్రికొచ్చిన జోషిత మెల్లగా వేళ్లు వంచి, ఆ గుండ్రం కంటికి పెట్టుకుని నాయనమ్మను చూసింది. నూకరత్నం వరండాలోకి పరిగెత్తింది. బయట కూర్చున్న తల్లులందరూ ఉలిక్కిపడేలా అరిచింది:

"మా పిల్లకి సున్నా వచ్చిందండోయ్!"