శంకరవ్వ చెయ్యి పెట్టిన మొద్దు

నేను ఒక చింతమొద్దును. రోడ్డు వెడల్పు చేయడానికి నన్ను కన్న చెట్టును కూల్చారు. సామిల్లులో రంపం నన్ను ఇద్దరు మనుషులు కూర్చునేంత వెడల్పున గుండ్రంగా కోసింది. ఆ తర్వాత పదహారేళ్లు మాంసం మార్కెట్లో ధనోజి దుకాణం ముందు నిలబడి కత్తి దెబ్బలు తిన్నాను. మేక ఒక్కసారే చస్తుంది. నాకు రోజూ తెల్లవారితే మొదలు.

ధనోజి తాగిన రోజు నాకు ఇట్టే తెలిసిపోయేది. దెబ్బ గురి తప్పి నా అంచులు లేచిపోయేవి. ఒకసారి తన చిటికెన వేలి కొస తానే నరుక్కున్నాడు. ప్రాణ స్నేహితుడు ముత్తన్న సీసాలో సగం ఆ గాయం మీద పోశాడు. మిగతా సగం ఇద్దరూ నవ్వుతూ తాగారు. వాళ్లది గొప్ప దోస్తీ అని మార్కెట్టంతా చెప్పుకుంది.

ఒక ఆదివారం తాగి ఉన్న ధనోజి, భార్య రుక్మాబాయి "ఇగ సాలు, ఇంటికి నడువు" అన్నందుకు అందరి ముందూ కత్తి విసిరాడు. అది ఆమె చెవిని రాసుకుంటూ పోయి తలుపులో దిగింది. రుక్మాబాయి నెత్తురు కొంగుతో అదుముకుని బస్టాండు వైపు నడిచింది. మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి ధనోజి మందు ముట్టలేదు. వారం పాటు చేతులు వణికాయి. తర్వాత చేతులు కుదురుకున్నాయి గానీ మనిషి కుదురుకోలేదు. చుట్టూ మూగే పదిమందీ మాయమయ్యారు. గిరాకీ లేనప్పుడు నన్ను గీకుతూ కూర్చునేవాడు. శుభ్రంగా ఉన్నా గీకేవాడు.

పక్కనే మేక తలకాయలు, కాళ్లు కాల్చిచ్చే శంకరవ్వ ఇది చూస్తూ ఉండేది. ఒకనాడు తన సద్దిగిన్నె తెచ్చి నా మీద పెట్టింది.

"తాగుడు బందు జేస్తె తినుడు గూడ బందేనా?"

"నాతోని మాట్లాడకు. నేనేం జేసిన్నో నీకెరుకే గదా."

"ఎరుకే. మా ఆయన సచ్చినంక నేను కల్లు మత్తుల నా బిడ్డ చెయ్యి కాల్చిన. అది నీకెరుకనా?"

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. మార్కెట్టు దానికి ఏవేవో పేర్లు పెట్టింది, దోస్తీ అన్న పేరు మాత్రం పెట్టలేదు.

దసరా నాడు ముత్తన్న సీసా పట్టుకుని వచ్చాడు. "ఆడిదాని పక్కన కూసొని నన్నే మరిచినవారా?" అంటూ ధనోజి జుట్టు పట్టి, సీసా మూతిని నోట్లో కుక్కాడు. పన్ను విరిగింది. నెత్తురూ మందూ కలిసి నా మీద పారాయి. ధనోజి అంతా ఉమ్మేసి, ముత్తన్న మెడ వంచి మొహాన్ని నాకేసి కొట్టాడు. ముక్కు చితికింది. ముత్తన్న కుడిచేతిని నా మీద అదిమిపట్టి కత్తి ఎత్తాడు. అప్పుడు ధనోజి ఒంట్లో చుక్క మందు లేదు.

శంకరవ్వ అతని కత్తిని పట్టుకోలేదు. మసిబారిన తన అరచెయ్యి తెచ్చి ముత్తన్న చేతి మీద పెట్టింది.

"కొట్టు," అంది మెల్లగా.

కత్తి జానెడు పక్కగా దిగి నన్ను సగం దాకా చీల్చింది. ముత్తన్న ముక్కు పట్టుకుని పరిగెత్తాడు. ధనోజి అక్కడే కూలబడ్డాడు.

"తాగితేనే నాకు పిచ్చి లేస్తదనుకున్న, శంకరవ్వా. తాగకున్న గూడ లేస్తున్నది."

"నాక్గూడ లేస్తది," అని ఆమె అతని చేతిని ఒళ్లోకి తీసుకుంది. పండగ గిరాకీ అంతా చూస్తున్నా వదల్లేదు.

చీలిన మొద్దు మాంసానికి పనికిరాదు. శంకరవ్వ నన్ను దొర్లించుకుపోయి తన పొయ్యి దగ్గర పీటగా వేసుకుంది. ఇప్పుడు నన్నెవరూ కొట్టడం లేదు. దుకాణం కట్టేశాక ధనోజి వచ్చి ఎదురుగా నిలబడతాడు.

"ఇయ్యాల తాగబుద్ధయిందా?" అని ఆమె అడుగుతుంది.

"అయింది."

ఆమె కొంచెం పక్కకు జరిగి అతనికి చోటిస్తుంది.