కాటుక నాకిన గడ్డి దూడ

ఇలా దగ్గరికి జరగండి నాయనా. నాది ఎండుగడ్డి గొంతు, దూరంగా కూర్చుంటే గలగల తప్ప మాట వినపడదు. నేను ఒక గడ్డి దూడను. పైన తోలు దూడది, లోపలంతా వరిగడ్డి.

పేరంటాలమ్మ గేదె కాటుక ఈనిన కొద్దిరోజులకే దూడ చచ్చిపోయింది. దూడ ఎదురుగా లేనిదే ఆ మహాతల్లి చేపదు. పొదుగు రాయిలా బిగుసుకున్నా చుక్క విడవదు. కొడుకు వీరాంజనేయులు పశువుల బేరగాడికి కబురు పెడతానన్నాడు. పేరంటాలమ్మ ఆ పూట అన్నం మానేసి, తోళ్ల పని తెలిసిన ఏసోబును పిలిపించింది. అతను దూడ తోలుకు ఉప్పు రాసి ఆరబెట్టి, గడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్లుగా పెట్టి, గోనె దారంతో కుట్టాడు. అలా పుట్టాను.

కాటుక నన్ను వాసన చూసింది. బుస్సుమని ఊపిరి వదిలింది. గరుకు నాలుకతో మెడ నుంచి తోక దాకా నాకింది. కిందనేమో పేరంటాలమ్మ చెంబులో పాలు జుయ్యిమన్నాయి.

"ఉప్పు కోసం నాకుతోందమ్మా, నీదొక పిచ్చి," అనేవాడు వీరాంజనేయులు.

ఉప్పు ఎప్పుడో అయిపోయింది. నాకడం ఆగలేదు.

పాల కంపెనీ సంగతి పేరంటాలమ్మ పాలు పితుకుతూ కాటుకకు చెబుతుంటే విన్నాను. మొదట్లో కంపెనీ అంటే ఒక సైకిలు, రెండు క్యాన్లేనట. తర్వాత వ్యాను వచ్చింది. ఊళ్లో పాలు చల్లబరిచే స్టీలు ట్యాంకు కూర్చుంది. మా పాలు పొడై, వెన్నై ఓడలెక్కాయట. నేను పుట్టాక దాన్ని సముద్రం అవతలి పెద్ద కంపెనీ కొనేసింది. ఏ దేశంలో చూసినా దాని ఫ్యాక్టరీలేనట. పాకలో మాకు తెలిసిన మార్పల్లా పాలవాళ్ల చొక్కాల రంగే.

ఆ కొత్తవాళ్లకు తల్లీబిడ్డల ఫొటో ఒకటి కావలసి వచ్చింది. ఎక్కడి నుంచో ముద్దులొలికే దూడను తెచ్చి నిలబెడితే కాటుక కొమ్ము విసిరింది. నా వైపు తిరిగి నాకడం మొదలుపెట్టింది. వాళ్లు కుట్లు కనపడకుండా నన్ను అటు తిప్పి, ఆ ఫొటోనే తీసుకున్నారు. ప్యాకెట్ల మీద, డబ్బాల మీద, లారీల మీద తల్లి ప్రేమంటే ఇదీ అని వేశారు. నిజమైన దూడలెన్నో ఉన్న లోకంలో ఆ గౌరవం నాకు దక్కింది.

కొన్నాళ్లకు కంపెనీ ఇళ్ల పాలు తీసుకోవడం మానేసింది. ఇక తమ సొంత ఫారంలో మిషన్లతోనే పితుకుతారట, మంచి గేదెల్ని వాళ్లే కొంటారట. పాలు పోసే చోటు లేకపోతే గేదెను మేపేదెలా? వీరాంజనేయులు మాట ఇచ్చేశాడు.

లారీ వచ్చింది. దాని పక్క మీద గోడంత బొమ్మగా నేనూ కాటుకా. పేరంటాలమ్మ నన్ను చంకన పెట్టుకుని పరుగెత్తింది.

"దీన్నీ ఎక్కించండి బాబూ. ఇది లేందే చేపదు."

"బయటి గడ్డి లోపలికి రానివ్వరు పెద్దమ్మా. రోగాలొస్తాయంటారు," అన్నాడు సూపర్‌వైజరు.

"గడ్డి కాదయ్యా. దాని బిడ్డ."

అతను నవ్వలేదు పాపం. బొమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు, తలుపు వేయించాడు. మలుపు తిరిగేదాకా కాటుక అరుస్తూనే ఉంది.

ఫారంలో మిషను తగిలిస్తే పాలు ఎగబట్టిందట. మేత ముట్టకుండా గేటు వైపే తిరిగి నిలబడేదట. పనికిరాదని ఎవరికో అమ్మేశారు. ఏ ఊరో చెప్పినవాళ్లు లేరు. పేరంటాలమ్మ సంతలన్నీ తిరిగి, కాళ్లు ఆడక మానేసింది.

ఇప్పుడు నేను పాకలో అటక మీద ఉన్నాను. తెల్లవారుజామున నా మెడ దగ్గర తోలు బిగుసుకుంటుంది. పేరంటాలమ్మ తడిగుడ్డతో తుడుస్తుంది. తడి తడే గానీ, అందులో ఆ గరుకు లేదు.

మీరు నాలుగూళ్లు తిరిగేవాళ్లు. నా మాట మరిచిపోకండి, పదిమందికీ చెప్పండి. ఎక్కడైనా ఒక గేదె మేత వదిలేసి దారి వంక చూస్తుంటే, కాటుకా అని పిలవండి. చెవి కదిలిస్తే దగ్గరికెళ్లి మెల్లగా చెప్పండి, దూడ ఇంట్లోనే ఉందని.