కంచు నట్టు

నేను ఒక మిల్లింగ్ మెషీన్‌ని, ఇనుప ముక్కలను కోసి చదును చేసే యంత్రాన్ని. ఏదో చలిదేశంలో నన్ను పోతపోసి ఓడెక్కించారు. ఆ తర్వాత ఎందరో యజమానులు మారారు. ప్రతివాడూ ముందువాడి పేరు పలక పీకేసి తనది బిగించాడు. నా ఒంటి నిండా బెజ్జాలు మిగిలాయి, పేర్లు మిగల్లేదు.

చివరికి బెజవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు చేరాను. అక్కడ వీరభద్రాచారి నన్ను ఇరవై ఆరేళ్ళు నడిపాడు.

ముక్కను బిగించే నా బల్లను జరిపే పొడవాటి స్క్రూకి ఒక కంచు నట్టు ఉండేది. అది అరిగిపోయింది. పిడిని వెనక్కి తిప్పితే పావు చుట్టు ఉత్తినే తిరిగేది, బల్ల కదిలేది కాదు. ఆ తర్వాత నట్టు టక్కున పట్టుకునేది. మిగతావాళ్ళు ఆ వదులును తిట్టుకునేవారు. ఆచారి మాత్రం, కళ్ళు మసకబారిన మూడేళ్ళుగా, దాని మీదే బతికాడు. బల్ల ఎంత జరిగిందో చూపే పిడి దగ్గరి చక్రం మీద సన్నటి గీతలు ఆయనకి కనబడవు. నట్టు పట్టుకున్న చోటు ఆయనకి సున్న. అక్కడి నుంచి మణికట్టు తిరిగిన మేరను బట్టి కొలిచేవాడు. ఒక్క ముక్కా చెడలేదు. ఆ సంగతి షెడ్డులో నాకొక్కదానికే తెలుసు. ఎవరైనా కనిపెడతారేమోనని పనివేళలన్నీ నాకు భయంగానే గడిచేవి.

యజమాని అయిన తన తండ్రి తర్వాత షెడ్డు చూసుకుంటున్న వసుంధర ఒకరోజు వచ్చి నిలబడింది.

"బాబాయ్, ఇది నీ ఒక్కడి మాటే వింటే ఎట్లా? నీకు జ్వరమొస్తే పని ఆగిపోద్ది. ఆ వదులు పోతే ఉంచుతా. లేదంటే పాత ఇనుం వాళ్ళకి ఇచ్చేస్తా."

"నట్టేగా అమ్మా. నే చేస్తాలే."

"దొరకదంటగా. ఆ కంపెనీయే లేదంట."

"దొరికేదైతే నేనెందుకు?"

కొత్త నట్టు వస్తే తన చేతికి ఆనవాలు పోతుందని ఆయనకి తెలుసు. రాకపోతే నేను తుక్కవుతాను. ఆ సాయంత్రం ఆయన నన్ను చాలాసేపు తుడిచాడు.

మర్నాడు కంచు దిమ్మ తెచ్చాడు. నట్టు లోపలి మరలు పక్క షెడ్డు సుభానీ తన లేత్ మీద కోసిచ్చాడు.

"ఏం గురూ, ముసలిదానికి కొత్త పళ్ళు కట్టిస్తన్నావా?"

"పళ్ళు దానికి. అంబలి నాకు."

సుభానీ నవ్వాడు. ఆచారి నవ్వలేదు.

నట్టు పక్కలు మాత్రం నా మీదే, ఆ పాత వదులును నమ్ముకునే చదును చేశాడు. ఒక్కసారి వణికి ఆ ముక్కను చెడగొడదామా అనిపించింది నాకు. కానీ ఆ చేతి కింద నేనెప్పుడూ అబద్ధమాడలేదు. నట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది.

బిగించాక మొదటి పని మొదలుపెట్టాడు. అలవాటుగా పిడి వెనక్కి తిప్పాడు, ఆ ఉత్త చుట్టు కోసం. లేదు. ఇంకొంచెం తిప్పాడు. ఆయన వెతికినంత మేరా నా బల్ల నిజంగానే జరిగిపోతోంది. ఆగమని చెప్పడానికి నాకు నోరేది? ముక్క అడ్డంగా తెగింది.

వసుంధర దాన్ని చేతిలోకి తీసుకుంది.

"బాబాయ్, చక్రం ఎంత మీదుంది?"

"నలభై."

ఆమె వంగి చూసింది. పదకొండు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"చెప్పొచ్చుగా."

"చెబితే అప్పుడే దీన్ని కాటా ఎక్కించేదానివి. నేను గాక దీన్ని ఎవరు తిప్పగలరు?"

"ఇక్కడే కూర్చో బాబాయ్. పిల్లలకి పని నేర్పు."

"నేర్పడానికేముందమ్మా. ఇప్పుడిది అందరి మాటా వింటది."

సంచీ భుజాన వేసుకుని, దారిలో ఉన్న బల్లలను చేత్తో తడుముకుంటూ వెళ్ళాడు. ఇక దాచాల్సిన అవసరం లేదు కదా.

ఇప్పుడు నాగలత అనే అమ్మాయి నన్ను నడుపుతోంది. గీతలు చూసి తిప్పుతుంది, నేను అంతే జరుగుతాను. వచ్చినవాళ్ళు కొత్తదానిలా ఉందని మెచ్చుకుంటారు. నేను మాత్రం లెక్క వేసుకుంటాను. కంచు కూడా అరుగుతుంది. రోజూ పనిచేస్తే ఆ పావు చుట్టు మళ్ళీ రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆచారికి ఇప్పుడు డెబ్బై ఒకటి.