అడవికి ముగ్గురు

"ఉప్పు ఎంత పడుతుంది, బెరిట్?" అని ఓద్వార్ మ్యాపు మీంచి తల ఎత్తకుండానే అడిగాడు.

బెరిట్ అప్పుడు తొట్టి దగ్గర కాడ్ చేపల పొట్టలు చీల్చి, కార్జాలు గిన్నెలోకీ, మిగతాది బకెట్లోకీ వేస్తోంది. మోచేతుల దాకా తడి. పొయ్యి మీద బంగాళాదుంప రొట్టె ఒక పక్క కాలింది, తిరగెయ్యాలి. "ముగ్గురికి ఏడాదికా? చేపలు ఊరేస్తారా, ఎండబెడతారా?" అంది. "రెండూ," అన్నాడతను. "అయితే నలభై కిలోలు." బల్ల దగ్గర కూర్చున్న విగ్దిస్ తన నీలం అట్ట పుస్తకంలో ఆ అంకె రాసి కింద గీత గీసింది. హాల్గెయిర్ ఆ పుస్తకంలోకి తొంగిచూసి, "చూశావటోయ్ ఓద్వార్, ఈ పిల్లే లేకపోతే మనం చప్పిడి చేపలు తినలేక మొదటి నెల్లోనే పారిపోయి వచ్చేవాళ్ళం," అన్నాడు. ముగ్గురూ నవ్వారు. బెరిట్ రొట్టె తిరగేసింది.

గురువారం గురువారం ఇలా కూర్చోవడం ఫిబ్రవరిలో మొదలైంది. ఊరికి ఎగువన రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి రెండు రోజులు నడిస్తే స్కోగ్‌వాత్న్ సరస్సు వస్తుంది. దాని ఒడ్డున ఎవరూ ఉండని దుంగల గుడిసె ఒకటి ఉంది. సెప్టెంబరులో అక్కడికి చేరి, మళ్ళీ సెప్టెంబరు దాకా అడవి ఇచ్చింది తిని బతకాలని ముగ్గురి పంతం. మోసుకెళ్ళేవి ఉప్పు, కాస్త పిండి, కాఫీ, అంతే. కాఫీ అడవిలో కాస్తుందా అని విగ్దిస్ వెక్కిరిస్తే, "కాఫీ లేని చోటికి నా శవం కూడా రాదు," అని హాల్గెయిర్ దాన్ని పట్టీలోకి ఎక్కించాడు. అతను పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. భార్య విడిచిపెట్టి వెళ్ళి ఆరేళ్ళయింది. బెరిట్ మొగుడు ఓద్వార్ చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, ఈసారికి ఏడాది సెలవు పెట్టాడు. విగ్దిస్ దక్షిణాది నుంచి రెండేళ్ళ కిందట వచ్చిన బడి టీచరు. ముప్ఫై ఒకటో ఏడు. ఉన్ని ప్యాంటు వేసుకుని, కాళ్ళు బల్ల కిందికి బారజాపుకుని కూర్చుంటుంది. ఆ కాళ్ళ చుట్టూ తిరిగి బెరిట్ కాఫీ పోస్తుంది.

ఆ అడవి బెరిట్‌కి పుట్టిల్లు. అది మాటవరసకి అన్నది కాదు. సరస్సు దిగువ లోయలో చిట్టచివరి పొలం వాళ్ళదే. ఆమెకి పదిహేనేళ్ళప్పుడు లోయలో బడి మూసేస్తే, అమ్మా నాన్నా తలుపులకి మేకులు కొట్టి, ఆవుని తోలుకుని కిందికి దిగొచ్చారు. తుప్పల మధ్య ఇత్తడి తీగతో ఉచ్చు ఎంత ఎత్తులో కట్టాలో, చలికాలంలో తెల్లబడే అడవికోళ్ళు ఏ పొదల దగ్గరికి నడిచొస్తాయో, మంచు గడ్డకట్టాక సరస్సులో వల ఎక్కడ దించాలో ఆమె చేతులకి తెలుసు, ఆలోచించి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు తన పుట్టింటికి తన మొగుడు స్నేహితుల్ని వెంటేసుకుని పోతుంటే, తను వంటగదిలో నిలబడి వాళ్ళకి మూటలు కట్టిస్తోంది.

ఒకసారి అడిగింది, అడగకపోలేదు. మార్చిలో, కొట్టంలో గడ్డి వేస్తూ, మాట తేలిగ్గా ఉండాలని నవ్వుతూనే అడిగింది. "నేను కూడా వస్తే?" ఓద్వార్ చేతిలోని పార ఆపి ఆమెని వింతగా చూశాడు. "నువ్వా? నువ్వొస్తే గొర్రెల్నెవరు చూస్తారే?" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఇరవై ఆరు గొర్రెలు. పొద్దున్నే చేపల ఫ్యాక్టరీలో ముళ్ళు తీసే పని, మధ్యాహ్నం కొట్టం, సాయంత్రం ఇల్లు, పైగదిలో అత్తగారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ జవాబు ఆమెకి కొత్తగా అనిపించలేదు. తిట్టినా బాగుండేది, పోట్లాడటానికి ఒక అంచు దొరికేది.

అసూయ ఆ రోజు నుంచే పట్టుకుంది. మొదట్లో అది మామూలు ఆడవాళ్ళ అసూయే అనుకుంది, ఎందుకంటే అత్తగారు పెత్రినె అలాగే అనుకుంది. "ఏమే, ఆ పిల్ల నడుం చూశావా? అలాంటిదాన్ని నీ మొగుడితో ఏడాది పాటు ఒక్క గదిలో పడుకోబెడుతున్నావు. తెలివుండే పంపుతున్నావా?" అని పైనుంచి దిగినప్పుడల్లా అనేది. బెరిట్ కూడా కొన్నాళ్ళు కనిపెట్టి చూసింది. విగ్దిస్ కప్పు అందుకునేటప్పుడు అతని వేళ్ళు తగిలాయా, మ్యాపు మీదికి వంగినప్పుడు ఇద్దరి తలలూ ఎంత దగ్గరగా ఉన్నాయి, ఆమె జోకు వేస్తే అతను ఎంతసేపు నవ్వాడు, అన్నీ చూసింది. ఏమీ దొరకలేదు. దొరకలేదని ఊరట కలగలేదు కూడా. ఒక గురువారం గడప దగ్గర విగ్దిస్ కొత్త బూట్లు విప్పి పెడితే, బెరిట్ వాటిని పక్కకి జరుపుతూ చెయ్యి లోపల పెట్టి చూసింది. ఉన్ని అస్తరు మెత్తగా, ఇంకా వెచ్చగా ఉంది. చెయ్యి వెంటనే తియ్యలేదు. అప్పుడు తెలిసింది, తనకి కావాల్సింది మొగుడి పక్కన ఆ పిల్ల లేకపోవడం కాదు, ఆ బూట్లలో తన కాళ్ళుండటం.

ఆదివారాలు ప్రార్థన మందిరంలో తల వంచుకుని దేవుడితో ఈ మాటే చెప్పుకునేది. పరాయివాళ్ళదాన్ని ఆశించకూడదన్న ఆజ్ఞ ఆమెకి చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. కానీ ఎవరిది పరాయిది? తను పుట్టిన నేల మీదికి తను వెళ్ళాలనుకోవడం పరాయిదాన్ని ఆశించడమా? పాస్టరు గారిని అడగాలని రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ ఆయన, "ఓద్వార్ భలే ధైర్యవంతుడమ్మా, నువ్వు గర్వపడాలి," అన్నాడు. ఆ తర్వాత అడగలేదు.

అయితే ఆ అసూయ చేసిన అసలు పని ఎవరికీ తెలీదు. మూడు వారాలుగా అది ఆమె గుండెలో రాయిలా ఉంది. విగ్దిస్ ఒకరోజు తిండి పట్టీ పైకి చదివింది. కుందేళ్ళు ఇన్ని, అడవికోళ్ళు ఇన్ని, సరస్సు చేపలు ఇన్ని, ఎండు పుట్టగొడుగులు. రొట్టెలకి వెన్న రాస్తున్న బెరిట్ చెయ్యి ఆగింది. కొవ్వు లేదు. పట్టీ మొత్తంలో ఎక్కడా కొవ్వు లేదు. చలికాలపు కుందేలు మాంసం ఒట్టి నార. అది ఒక్కటే తింటూ పోతే కడుపు నిండుతూనే ఉంటుంది, మనిషి చిక్కిపోతూనే ఉంటాడు. విరేచనాలు పట్టుకుంటాయి, ఎంత తిన్నా ఆకలి చావదు. లోయలో ఒక చలికాలం ఇద్దరు వేటగాళ్ళు అలాగే పోయారని నాన్న చెప్పేవాడు, గుడిసె నిండా మాంసం వేలాడుతుండగానే. అందుకే అమ్మ గొర్రె కొవ్వు కరిగించి డబ్బాలకి పోయనిదే అక్టోబరు దాటనిచ్చేది కాదు. పట్నంలో పెరిగిన విగ్దిస్‌కి తెలీదు. ఓద్వార్‌కీ హాల్గెయిర్‌కీ సముద్రం ఒడ్డున చేపనూనె, వెన్న ఎప్పుడూ బల్ల మీద ఉండేవి కాబట్టి వాళ్ళకి తట్టలేదు. బెరిట్ నోరు తెరిచింది. ఇంతలో విగ్దిస్, "ఎలా ఉంది నా పట్టీ?" అని మగాళ్ళిద్దరి వంకా చూసింది. "బ్రహ్మాండం," అన్నారు వాళ్ళు. బెరిట్ నోరు మూసుకుంది. క్రిస్మస్‌కల్లా ఎండిన చేపల్లా తిరిగొస్తారు, ముందుగా ఆ పిల్ల, అనుకుంది. అనుకుని, తన మాటకి తనే జడిసి, వెన్న గిన్నె మీద మూత పెట్టింది.

జూన్ మొదటి వారంలో మ్యాపు సంగతి బయటపడింది. ముగ్గురూ మంచు మీద లాగే స్లెడ్జి బండి చూడటానికి షెడ్డులోకి వెళ్ళారు. బెరిట్ బల్ల తుడవడానికి కప్పులు తీస్తుంటే, మ్యాపు మీద సరస్సుకి దక్షిణంగా, ఒక రోజు నడక ఇవతల, చిత్తడి నేలలో చిన్న ఎర్ర సున్నా కనపడింది. పక్కన విగ్దిస్ గుండ్రటి అక్షరాల్లో "మొల్తె" అని ఉంది.

మొల్తె పళ్ళు చిత్తడి నేలల్లో ఆగస్టులో పండుతాయి, తేనె రంగులో. ఎవరి చోటు వాళ్ళకుంటుంది, ఆ చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. బుట్ట నిండా పళ్ళతో వస్తున్న మనిషిని ఎక్కడివని అడిగేవాళ్ళని ఆ వైపున మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్కేస్తారు. బెరిట్ వాళ్ళమ్మ ఆ చోటు మొగుడికి చెప్పలేదు, కొడుకులకి చెప్పలేదు. కూతురికి పన్నెండేళ్ళొచ్చాక ఒక పొద్దున లేపి, వెంట తీసుకెళ్ళి చూపించింది. ఏటా ఆగస్టులో రెండు రోజులు బెరిట్ ఒక్కతే వెళ్ళి వచ్చేది. ఆ రెండు రోజులూ ఆమె ఎవరి పెళ్ళామూ కాదు, ఎవరి కోడలూ కాదు. ఓద్వార్ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అందుకే అతను మంచివాడని ఆమె నమ్మేది. అడగలేదు, నిజమే. వెనకాలే వచ్చి చూసుకున్నాడు. చూసుకుని, తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

ఆ పిల్లని అతను ముద్దు పెట్టుకోవడం కళ్ళారా చూసినా ఇంత మండేది కాదు.

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వెళ్ళలేదు. చేపల వాసనతోనే, అదే ఏప్రన్‌తో, బడి వెనకున్న టీచరు ఇంటి తలుపు కొట్టింది. విగ్దిస్ తలుపు తీసి, "అరె, బెరిట్! రా రా, కాఫీ పెడతా," అంది.

"కాఫీ వద్దు. ఆ ఎర్ర సున్నా నీకెవరిచ్చారు?"

"మొల్తెదా? ఓద్వార్. తన చోటన్నాడు."

"తన చోటా?"

"మా నాన్న నాటి నుంచీ మాదే, అన్నాడు. ఏం, కాదా?" విగ్దిస్ ముఖం చూస్తూండగానే పాలిపోయింది. "అయ్యో. నీదా?"

"మా అమ్మది."

విగ్దిస్ గబగబా లోపలికి పోయి, నిన్న తన వెంట తెచ్చుకున్న మ్యాపు తెచ్చింది, కత్తెర కూడా తెచ్చింది. "కోసేస్తాను. ఇప్పుడే కోసేస్తాను."

"కాగితం కోస్తే నీ బుర్రలోంచి పోతుందా?" అంది బెరిట్. గట్టిగా అరవాలని వచ్చింది గానీ, ఆ పిల్ల కత్తెర పట్టుకుని నిలబడ్డ తీరు చూస్తే అరుపు రాలేదు.

ఇద్దరూ కూర్చున్నారు. విగ్దిస్ కత్తెర పక్కన పెట్టి నెమ్మదిగా అడిగింది. "నువ్వెందుకు రావట్లేదు బెరిట్? నేను మొదటి గురువారమే అడిగాను. నీకు చలి పడదనీ, అడవంటే చిన్నప్పుడే విసుగెత్తిపోయిందనీ చెప్పాడు ఓద్వార్. నువ్వు వస్తే బాగుండునని నేనెంత అనుకున్నానో. వంట నాకే అప్పజెప్పారు, తెలుసా? 'నువ్వైతే బాగా చేస్తావు' అంటాడు హాల్గెయిర్. నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా సరిగా రాదు. నువ్వు చెప్పినవన్నీ ఆ పుస్తకంలో రాసుకోవడం అందుకే. భయం."

చలి పడదు. అడవంటే విసుగు. తన నోటి నుంచి ఎన్నడూ రాని మాటలు, తన పేరు మీద ఆ బల్ల చుట్టూ నాలుగు నెలలుగా తిరుగుతున్నాయి. వాళ్ళ లెక్కలో తనని వద్దనలేదు ఎవరూ. తను రానంది, అంతే. బెరిట్‌కి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండూ ఒకేసారి. ఎదురుగా కూర్చున్న పిల్ల మీద అసూయ ఏమైనా తగ్గిందా అని తడుముకు చూసుకుంది. తగ్గలేదు. ఆ నడుమూ, ఆ బూట్లూ, ఎవర్నీ అడక్కుండా ఏడాది గడపగల ఆ స్వేచ్ఛా, అన్నిటి మీదా అలాగే ఉంది. కానీ ఆ అసూయని అడ్డం పెట్టుకుని ఒక మనిషిని చావుకి పంపలేనని మాత్రం తెలిసింది. "ఆ పుస్తకం తియ్యి," అంది. "మీ పట్టీలో కొవ్వు లేదు."

ఆ తర్వాతి గురువారం వాన. రొట్టెలు లేవు, కాఫీ ఉంది. మగాళ్ళిద్దరూ బల్ల ముందు కూర్చున్నాక విగ్దిస్ పుస్తకాన్ని బెరిట్ వైపు జరిపింది. బెరిట్ కుర్చీ లాక్కుని కూర్చుని, గొర్రె కొవ్వు రెండు డబ్బాలు, వెన్న ఒక పీపా, చేపనూనె పది సీసాలు అని పైకి చదివి, కుందేలు మాంసం సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది.

"బయటినుంచి ఏదీ తీసుకెళ్ళకూడదనేగా మన నియమం?" అన్నాడు హాల్గెయిర్.

"నీ కాఫీ మాటేమిటి?" అంది విగ్దిస్.

ఓద్వార్ పట్టీ పై నుంచి కింది దాకా చదివాడు. ముఖం రంగు మారింది. "ఇదంతా నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నాలుగు వారాలుగా."

"చెప్పలేదేం మరి!"

"చెప్పబుద్ధి కాలేదు. మీరు చిక్కి శల్యమై తిరిగొస్తే చూడాలనిపించింది. దానికి దేవుణ్ణి క్షమాపణ అడిగాను, మిమ్మల్ని కూడా అడుగుతున్నాను." ఆమె ఓద్వార్ వైపు తిరిగింది. "ఇక నువ్వు చెప్పు. నాకు చలి పడదని వీళ్ళకి చెప్పావట, ఎప్పుడు చెప్పాను నీకు?"

మెట్ల మీద కూర్చుని అంతా వింటున్న పెత్రినె అక్కణ్ణుంచే అంది, "మీ మామయ్య మూడు చలికాలాలు ఉత్తరాన వేటకి పోయాడే. నన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగుంటే ఏమయ్యేదో ఎనభై ఏళ్ళొచ్చినా తెలీదు నాకు."

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు ఓద్వార్. తర్వాత బెరిట్ వైపు తిరిగి, పిల్లల్ని బుజ్జగించే గొంతుతో, "సరే, తప్పే. నీక్కూడా రావాలని ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం. వచ్చే ఏడాదికి ఏమైనా ఏర్పాటు చెయ్యొచ్చేమో, ఆలోచిద్దాం," అన్నాడు.

బెరిట్ పుస్తకం మూసి తన ముందు పెట్టుకుంది. ఫ్యాక్టరీలో ఏడాది సెలవుకి ఆ పొద్దున్నే కాగితం ఇచ్చి వచ్చింది.

"సెప్టెంబరు మూడున నేను బయల్దేరుతున్నాను," అంది. "మీలో ఎవరెవరు వస్తారో చెప్పండి."