రశ్మి టూరు వెనకాల ఒక ఆటో

రోజుకు మూడు ఫోన్లు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. నాలుగోసారి మోగితే ఎత్తేది లేదని మా రశ్మి చెప్పులు వేసుకుంటూ తేల్చి చెప్పింది.

"గిది నా మొదటి టూర్ అమ్మా. గెస్టుల ముంగట ఫోన్ ఊకె మోగితే ఏమనుకుంటరు? ప్రహ్లాద్ సార్ ఒక్కటే మాటన్నడు. ఈ మూడు దినాలు గెస్టులు ఖుషీగ తిరిగిన్రా, నౌకరీ పక్కా. నడుమల వాపస్ పోయిన్రా, నేను మళ్ళ సుల్తాన్ బజార్ల చీరలు మడతవెట్టుడే."

ఊరు చూడటానికి వచ్చినవాళ్ళకు వాళ్ళ కోసమే ఒక గైడును ఇచ్చి తిప్పే చిన్న కంపెనీ ప్రహ్లాద్‌ది. చార్మినార్, గోల్కొండ పాత గైడ్లవి. కొత్త పిల్ల కాబట్టి రశ్మికి మా నాంపల్లి, అబిడ్స్ ఇచ్చాడు. రెండేళ్ళుగా చీరల కొట్టులో పొద్దంతా నిలబడి, కాళ్ళు వాచి ఇంటికొచ్చే పిల్ల, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని ఏ గోడ ఎవరు కట్టించారో బట్టీ పట్టింది. ఆ నౌకరీ దానికెంత కావాలో నాకు తెలియనిది కాదు.

తెలిసినంత మాత్రాన భయం పోతుందా? నేను చదివింది ఏడో తరగతే గానీ పేపర్లో ప్రమాదాల వార్త ఒక్కటీ వదలను. సిద్దిపేట పక్క పల్లె నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. ఏ మురుగు నాలా మీద బండ ఊగుతుందో, ఏ స్తంభానికి వైరు వేలాడుతుందో, ఏ గల్లీ కుక్క మంచిది కాదో, కళ్ళు తిరిగితే ఏ మందుల దుకాణం ముందు కుర్చీ దొరుకుతుందో నన్ను అడగండి. వీటిలో ఒక్కటైనా రశ్మి పుస్తకాల్లో ఉందా? పైగా వచ్చేది కాకినాడ నుంచి పెద్దవయసు దంపతులట. ఎవరు చూశారు? ఆధార్ కార్డు పంపారా?

అందుకే అది గల్లీ మలుపు తిరిగిందో లేదో నేను ఎల్లేష్ ఆటో ఎక్కాను. ఎల్లేష్ మా పక్క వాటాలో ఉంటాడు. నన్ను అక్కా అంటాడు గానీ ఆటపట్టించడంలో మరిదిని మించినవాడు.

"యాడికక్కా?"

"రశ్మి యాడికి పోతే గాడికి. గానీ మనం కనవడొద్దు."

అద్దంలోంచి నన్ను చూశాడు. స్కూటీల మీద పోయే ఆడపిల్లల్లాగా నేను ఆకుపచ్చ స్కార్ఫు తల చుట్టూ, మూతి చుట్టూ బిగించి కళ్ళు మాత్రం వదిలాను. రశ్మి గుర్తుపట్టకుండా ఎదురింటి పిల్లను అడిగి తెచ్చుకున్నది.

"ఏందక్కా గీ వేషం?"

"ఎండ."

"ఎండ ఇంక లేవనే లేదు. సరే గానీ, మనం పోలీసులమా, దొంగలమా? జర ముందే చెప్పు, దాన్నిబట్టి నడుపుత."

నాంపల్లి స్టేషన్ ఎదుటి లాడ్జిలోంచి దంపతులు బయటికొచ్చారు. విమల గారట ఆవిడ, పట్టుచీర కింద తెల్లటి ఆటల బూట్లు వేసుకుని ముందు నడుస్తోంది. ఆయన రవిచంద్ర గారు, కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారట. మెడలో నీళ్ళ సీసా, చేతిలో గొడుగు, నెత్తిన టోపీ, చంకలో మందుల సంచి. మెట్టు దిగే ముందు కింద చూశారు, పైన చూశారు, అటూ ఇటూ చూశారు. అప్పుడు దిగారు. ఆయన మీద నాకు అప్పుడే కొంచెం గురి కుదిరింది.

ఆ శుక్రవారమంతా వాళ్ళు నడిచారు, మేము వెనక పాకాం. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే ఎల్లేష్ బయటికి తల పెట్టి "పేషెంట్ ఉన్నదన్నా, మెల్లగ పోవాలె" అని నన్ను చూపించేవాడు. మధ్యాహ్నం మొజంజాహి మార్కెట్ ముందు ఆగారు. మేము రోడ్డుకు ఇవతల పండ్ల బండి చాటున ఆగాం. రశ్మి గడియారం స్తంభం వైపు చెయ్యెత్తి ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ వెనక్కి, రోడ్డు మీదికి వచ్చేస్తోంది! మధ్యాహ్నం ఫోను ఇంకా మిగిలే ఉంది కాబట్టి కొట్టాను.

"యాడున్నవ్ బిడ్డా?"

"మొజంజాహి మార్కెట్ల. ఐస్‌క్రీం తినిపిస్తున్న."

"తినిపించు గానీ జర లోపల్కి జరుగు. వెనకాల స్కూటర్ వస్తున్నది."

రశ్మి లోపలికి జరిగింది. పక్క నుంచి స్కూటర్ దూసుకుపోయింది.

"నీకెట్ల తెల్సు?"

"స్కూటర్లు ఎప్పటికీ వస్తనే ఉంటయి కదనే!"

ఎల్లేష్ తువ్వాలు నోట్లో కుక్కుకుని వంగిపోయాడు. రశ్మి చుట్టూ ఒకసారి చూసి ఫోను లోపల పెట్టుకుంది. నేను సీటు కిందికి జారాను. మళ్ళీ తలెత్తేసరికి విమల గారు రెండో కప్పు తింటున్నారు. రవిచంద్ర గారు తన చెంచాను రుమాలుతో మూడోసారి తుడిచి, కప్పు వాసన చూసి, అది కూడా ఆవిడకే ఇచ్చేశారు. ఆ తర్వాత టోపీ పైకి జరిపి, తిన్నగా మా ఆటో వైపు చూశారు.

నిజం చెప్పాలంటే అప్పుడే మానుకోవాల్సింది.

శనివారం వాళ్ళు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్ళారు. ఎల్లేష్‌ను గేటు దగ్గర ఉండమని, నేను టికెట్టు కొనుక్కుని లోపలికి నడిచాను. ఇరవై ఆరేళ్ళుగా దాని ముందు నుంచి పోతున్నా గడప తొక్కడం అదే మొదలు. ఒక గదిలో అద్దాల పెట్టె చుట్టూ జనం. లోపల ఈజిప్టు రాజకుమారి శవం. రెండు వేల ఏళ్ళ కిందటిదట, పద్దెనిమిదేళ్ళ పిల్లట. తల నుంచి కాళ్ళ దాకా గుడ్డ చుట్టి పడుకోబెట్టారు. నాకు దుఃఖం ఆగలేదు. ఏమైందో పిల్లకు? వాళ్ళమ్మ చూసుకోలేదా? పెట్టె మీదికి వంగి అలాగే చూస్తూ ఉండిపోయాను.

పెట్టెకు అవతల ఎవరో నాలాగే వంగారు. గుడ్డ చుట్టిన ఆ ముఖాన్ని చూశారు. తలెత్తి, గుడ్డ చుట్టిన నా ముఖాన్ని చూశారు.

"అమ్మో!"

రవిచంద్ర గారి నీళ్ళ సీసా గదంతా దొర్లింది. జనం పక్కకు జరిగారు. నేను పక్క గదిలోకి ఉరికి ఒక రాతి విగ్రహం వెనక నిలబడ్డాను. అక్కడికి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఏవిటండీ ఆ కేకలు? ఆ పిల్ల లేచి కూర్చుందా?" విమల గారు.

"నీకు వేళాకోళంగానే ఉంటుంది. నిన్నటి నుంచి ఒక మనిషి మన వెంట పడుతోంది విమలా! ఆకుపచ్చ ముసుగు. మార్కెట్టు దగ్గర ఆటోలో ఉంది. సాయంత్రం లాడ్జి ఎదుట ఉంది. ఇప్పుడు ఇక్కడ! ఇదేదో ముఠా. ఒక మనిషి వెంటపడి చూసుకుంటుంది, మిగతావాళ్ళు తర్వాత వస్తారు."

"సార్, మ్యూజియం చూడటానికి వచ్చినవాళ్ళెవరో అయి ఉంటారు," రశ్మి గైడు భాషలో చెప్పబోయింది. దాని గొంతు సన్నగా వణికింది. ఆ వణుకు నాకు తెలుసు. చిన్నప్పుడు బడిలో చేయని తప్పుకు నిలబెట్టినప్పుడు కూడా అలాగే ఉండేది.

"నీ తప్పేం లేదమ్మాయ్. కానీ మేము ఈ రాత్రి రైలుకే వెళ్ళిపోతాం. మీ ప్రహ్లాద్ గారికి నేనే చెబుతాను."

ఫోను నొక్కుతున్న చప్పుడు. బయటికి పోయే దారి నా పక్కనే ఉంది. స్కార్ఫు విప్పి సంచిలో వేసుకుంటే నేనెవరో ఎవరికీ తెలియదు. ఎన్నెన్నో ఆపదలు ఊహించుకుని ఈ పిల్ల వెనక తిరిగాను. తీరా దాని మీదికి వచ్చిన ఆపద నేనే.

స్కార్ఫు విప్పి చేత పట్టుకుని వాళ్ళ ముందుకు వెళ్ళాను.

"సార్, గా ముఠా నేనే. ఎన్క ఎవ్వరు లేరు. గేటు కాడ ఎల్లేష్ ఒక్కడున్నడు, వాడు మంచోడు. నేను గీ పిల్ల తల్లిని. భాగ్య నా పేరు."

"అమ్మా!" అంది రశ్మి. అంత చిన్నగా అది నన్నెప్పుడూ పిలవలేదు.

విమల గారు అక్కడి బల్ల మీద కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. రవిచంద్ర గారు మాత్రం నవ్వలేదు. "ఎందుకమ్మా ఇంత పని చేశారు?" అన్నారు.

"భయం సార్. రోడ్డు మీద చూస్తిరి కదా? నాలా బండలు ఊగుతయి, వైర్లు కిందికుంటయి..."

"ఆగండాగండి. ఏ బండలు?"

చెప్పాను. మార్కెట్టు మలుపులో రెండో బండ, పోస్టాఫీసుకు వచ్చే దారిలో ఒకటి. వైర్లు చెప్పాను. కుక్క సంగతి చెప్పాను. ఆయన మందుల సంచిలోంచి చీటీ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు.

"చూశావా విమలా? నిన్న ఆ మలుపులో బండ కదిలిందంటే నువ్వు నమ్మావా? ముప్ఫై ఆరేళ్ళుగా నాకు పిరికి మందు పోశారని ఊరంతా చెబుతావు."

అప్పటికి ఫోనులో ప్రహ్లాద్ హలో హలో అంటున్నాడు. రవిచంద్ర గారు గొంతు సవరించుకున్నారు. "ప్రహ్లాద్ గారూ, ఏం లేదండీ. మీ గైడు అమ్మాయి బంగారం. రేపు కూడా తిరుగుతాం. కానీ వాళ్ళమ్మగారు కూడా రావాలి. ఆవిడ లేకపోతే నేను లాడ్జి గది దాటను."

ఇంటికి పోతున్నప్పుడు ఆటోలో రశ్మి నాతో మాట్లాడలేదు. ఎల్లేష్ కూడా నోరు మూసుకున్నాడంటే సంగతి అర్థం చేసుకోండి. గల్లీ మొగదల దిగేముందు ఒక్క మాట అంది.

"రోడ్డును నమ్మకున్నా సరే గానీ, నన్ను నమ్మొద్దా అమ్మా నువ్వు?"

ఆటో దిగి, ఆ స్కార్ఫును ఎదురింటి పిల్లకు తిరిగిచ్చేశాను.

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలన్నీ మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. స్కార్ఫు లేకుండా, అందరి ముందూ, నేను రవిచంద్ర గారి పక్కన నడిచాను. "సార్, గీడ కాలు పెట్టకున్రి. గీ పక్క నుంచి రాన్రి." ఆయన నేను చెప్పినచోట తప్ప ఎక్కడా అడుగు వెయ్యలేదు. భయం పంచుకునే మనిషి దొరికాక ఆయన మిర్చి బజ్జీ కూడా తిన్నారు. నూనె నేను చూసి ఒప్పుకున్నాకనే అనుకోండి.

రశ్మి ముందు నిలబడి చెబుతోంది. నిజాం నవాబు దగ్గర పని చేసిన ఆబిద్ అనే పెద్దమనిషి ఇక్కడ దుకాణం పెట్టాడట. దుకాణం పోయినా ఆయన పేరు ఈ చోటుకు ఉండిపోయిందట. రెండు రోజులు దాని వెనకే తిరిగాను గానీ దాని మాట ఒక్కటీ నేను వినలేదు, చూసిందంతా స్కూటర్లనే. ఆ పిల్ల చెయ్యి లేపితే విమల గారే కాదు, పుస్తకాలు ఏరుకునేవాళ్ళు కూడా నలుగురు ఆగి విన్నారు. "పైన చూడండి, పాత కిటికీల మీద ఆ చెక్కుడు పని" అంది. చూశాను. ఇరవై ఆరేళ్ళుగా ఈ రోడ్డు మీద నేను కాళ్ళ ముందే చూసి నడిచాను. పైన అంత అందమైన కిటికీలు ఉన్నాయని నాకెవరు చెప్పారు? ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతున్నాను.

ఒక చెయ్యి నా జబ్బ గట్టిగా పట్టుకుని ఆపింది.

"అమ్మా. బండ."

నా కాలు సరిగ్గా దాని అంచున ఉంది. పోస్టాఫీసుకు పోయే దారిలో ఉన్న బండ, నిన్న నేనే రాయించిన బండ! రశ్మి నన్ను ఇవతలికి లాగి, చెయ్యి వదలకుండానే కథ మళ్ళీ అందుకుంది. బస్సులకు అడ్డంగా రెండో చెయ్యెత్తి మా ముగ్గుర్నీ రోడ్డు దాటించింది. బస్సు ఆగింది. నిజంగానే ఆగింది.

"మీరు రాయించిన బండేగా అది?" అన్నారు రవిచంద్ర గారు మెల్లగా. అదే మొదటిసారి ఆయన నవ్వడం.

వాళ్ళు సోమవారం క్షేమంగా కాకినాడ చేరారు. చేరినట్టు ఆయన నాకు ఫోను చేసి చెప్పారు, నేను ముందే ఒట్టు పెట్టించుకున్నాను కాబట్టి. ప్రహ్లాద్ రశ్మికి నౌకరీ ఖాయం చేశాడు. పెద్దవాళ్ళ టూర్లకు నన్ను కూడా పంపమని అడిగాడట.

"పోతవా?" అంది రశ్మి, నా ముఖం చూడకుండా.

"నాకెందుకే? నువ్వున్నవ్ కదా."

రెండో టూరు ఆ తర్వాతి శనివారం. నాగపూర్ నుంచి నలుగురు ఆడవాళ్ళు. రశ్మి చెప్పులు వేసుకుంటుంటే నేను వంటింట్లోంచి కదల్లేదు. ఎల్లేష్ గుమ్మంలోకి వచ్చి, "బండి తీయాల్నా అక్కా?" అన్నాడు. పొమ్మన్నాను. తర్వాత బియ్యం ఏరాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను. ఫోను గూట్లో పెట్టి దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

పదిన్నరకు అది మోగింది. రశ్మి. బియ్యం చేట పక్కకు నెట్టి ఎత్తాను.

"ఏమైందే బిడ్డా? పడ్డవా? ఎవ్వరన్న..."

"ఏం గాలే అమ్మా. గెస్టుకు బాత్రూం కావాల్నట. మార్కెట్ దగ్గర్ల సాఫ్‌గ ఉండేది యాడున్నది?"

చెప్పాను. ఏ మెట్లు తడిగా ఉంటాయో కూడా చెప్పాను. పన్నెండింటికి మందుల దుకాణం అడిగింది. రెండింటికి నీడ ఉండే చోటు అడిగింది. నాలుగింటికి, ఏమీ అడగలేదు. "ఊకెనే చేసిన," అని పెట్టేసింది.

ఒప్పందం మూడు ఫోన్లకే. నాలుగోది ఎందుకు చేశావని నేను దాన్ని అడగలేదు.